మిస్సిసాగా కాండోలో అద్దె ఒకేసారి 550 డాలర్లు పెంచవచ్చా? అంటారియో అద్దె చట్టం గురించి ఒక సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఖమ్మం నుంచి వచ్చి, కెనడాలోని మిస్సిసాగాలో 2021లో పూర్తయిన ఒక కాండోలో (ఒక్కో ఫ్లాటుకు ఒక్కో యజమాని ఉండే భవనంలో) అద్దెకు ఉంటున్నారు. నెలకు 2,300 డాలర్లు కడుతుండగా, యజమాని దాన్ని 2,850 చేస్తున్నట్టు నోటీసు పంపారు. రెండు వీధుల అవతల పాత అపార్ట్‌మెంటులో ఉంటున్న మీ మిత్రుడికి మాత్రం ఈ ఏడాది 2.1 శాతమే పెరిగింది. ఇది చట్టబద్ధమేనా, ఒట్టావాలోని ఫెడరల్ ప్రభుత్వానికి ఫిర్యాదు చేస్తే ఫలితం ఉంటుందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీ భవనంలో 2018 నవంబరు 15 నాటికి ఎవరూ కాపురం లేకపోతే, ఈ పెంపు చట్టబద్ధమే. 24 శాతం కాదు, 50 శాతం పెంచినా అడ్డుకునే నిబంధన లేదు. ఒట్టావాకు రాయడం వల్ల మీకు ఒక మర్యాదపూర్వకమైన జవాబు వస్తుందేమో కానీ అద్దె తగ్గదు. 1867 నాటి రాజ్యాంగ చట్టం 92వ సెక్షను ఆస్తికి సంబంధించిన వ్యవహారాలను ప్రావిన్సులకు అప్పగించింది కాబట్టి, మీ అద్దెను నిర్ణయించే చట్టం టొరంటోలోని క్వీన్స్ పార్క్ శాసనసభలో తయారవుతుంది. మన దేశంలో అద్దె చట్టాలు రాష్ట్రాల చేతిలో ఉన్నట్టే ఇక్కడా.

నేను పన్నెండేళ్లుగా అంటారియోలో పారాలీగల్‌గా, అంటే లాయరు కాకపోయినా ఇలాంటి వ్యవహారాల్లో వాదించే లైసెన్సు ఉన్నవాడిగా, అద్దెదారుల తరఫున పనిచేస్తున్నాను. అద్దె నియంత్రణ, అంటే ఏటా ఇంత శాతానికి మించి అద్దె పెంచకూడదన్న పరిమితి, ఉండాలన్న పక్షంలో ఉన్నవాణ్ణి, ఎన్నికల్లో ఆ మాట చెప్పిన అభ్యర్థుల కోసం గడపగడపకూ తిరిగినవాణ్ణి. నా అభిప్రాయాలను ఆ సంగతి దృష్టిలో పెట్టుకొనే చదవండి. చట్టం గురించి చెప్పేది మాత్రం ఏ పార్టీవారు చెప్పినా ఒకటే.

ముందుగా మీ నోటీసు సంగతి. నియంత్రణ లేని ఇళ్లకు కూడా కొన్ని నియమాలు వర్తిస్తాయి, వాటిని చాలామంది యజమానులు పట్టించుకోరు. అద్దెను 12 నెలలకు ఒక్కసారే పెంచాలి, 90 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. నియంత్రణ ఉన్న ఇళ్లకు ఎన్1 అనే ఫారం, మీలాంటి మినహాయింపు ఇళ్లకు ఎన్2 అనే ఫారం వాడతారు. మీకు వచ్చింది వాట్సాప్ సందేశమైతే దాన్ని నోటీసుగా లెక్కించనక్కరలేదు. ఈమెయిల్ అయినా, నోటీసులు ఈమెయిల్‌లో తీసుకుంటానని మీరు ముందుగా రాసి ఇచ్చి ఉంటేనే చెల్లుతుంది. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. సరైన నోటీసు లేని పెంపును మీరు అభ్యంతరం చెప్పకుండా వరుసగా 12 నెలలు కడితే, అది చెల్లినట్టే అవుతుందని 2020లో ప్రభుత్వం చట్టాన్ని సవరించింది. ఆ సవరణ చట్టం పేరులో ‘అద్దెదారుల రక్షణ’ అన్న మాటలు ఉండటం ఒక విశేషం.

రెండోది, భవనం తేదీని మీరే స్వయంగా సరిచూసుకోండి. చట్టం చూసేది మీ ఒక్క ఫ్లాటును కాదు, మొత్తం భవనాన్ని. ఆ భవనంలో ఏ ఒక్క ఫ్లాటులోనైనా 2018 నవంబరు 15న గానీ, అంతకుముందు గానీ ఎవరైనా కాపురం ఉన్నట్టయితే, ఆ భవనంలోని ఏ ఫ్లాటుకూ మినహాయింపు లేదు. కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి ఒక యువ దంపతులు వచ్చారు. యజమాని తన ఫ్లాటును మొదటిసారి 2019 మార్చిలో అద్దెకిచ్చానని, కాబట్టి తనకు పరిమితి లేదని నెలకు 400 డాలర్లు పెంచారు. ఆ దంపతుల్లో భార్య ఫోనులో, లిఫ్టు పక్కన నోటీసుబోర్డుకు గుచ్చిన కాగితాల ఫోటో ఒకటి ఉంది. అది పార్సిల్ గది పనివేళల కోసం తీసుకున్నది. దాని మూలన, సగం కప్పబడి, పాత కాగితం ఒకటి కనిపించింది. కింది అంతస్తుల్లో ఇప్పటికే చేరినవారు చెత్త వేసే గొట్టాన్ని రాత్రి పదకొండు తర్వాత వాడవద్దని మేనేజ్‌మెంటువారు పెట్టిన విజ్ఞప్తి అది, కింద తేదీ 2018 ఆగస్టు. ఆ ఫోటోను జతచేసి ఒక ఉత్తరం రాశాం. ఎనిమిది రోజుల్లో యజమాని నోటీసు ఉపసంహరించుకున్నారు. మీ భవనం 2021లో పూర్తయిందంటున్నారు కాబట్టి ఈ అదృష్టం మీకు పట్టే అవకాశం తక్కువ, కానీ ఆ సంవత్సరం మీకు చెప్పినది రియల్టరా, యజమానా, లేక మీరే కాగితం చూశారా అన్నది ఒకసారి ఆలోచించుకోండి.

అద్దె పెంపును ప్రశ్నించాలంటే అది అమలైన ఏడాదిలోపే బోర్డుకు దరఖాస్తు చేసుకోవాలి, ఆ తర్వాత తప్పుడు పెంపు కూడా ఒప్పయిపోతుంది. బోర్డు అంటే యజమానుల, అద్దెదారుల తగాదాలు తేల్చే ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డు. అక్కడ పేరుకుపోయిన దరఖాస్తులు 38 వేలు దాటాయని, తీరు మార్చుకోవాలని ప్రభుత్వ సంస్థలపై ఫిర్యాదులు విచారించే ప్రావిన్సు అంబుడ్స్‌మన్ 2023లో 61 సిఫారసులతో ఒక నివేదిక ఇచ్చారు. ఆ జాప్యం అద్దెదారులనూ యజమానులనూ ఒకేలా బాధించింది. ఈ ఒక్క విషయంలో రెండు పక్షాలవారూ నాతో ఏకీభవిస్తారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీకూ మీ మిత్రుడికీ ఉన్న తేడా భవనాల వయసు వల్ల దానంతట అది వచ్చింది కాదు. ఒక తేదీని ఎంచుకొని గీత గీసిన రాజకీయ నిర్ణయం వల్ల వచ్చింది.

అంటారియోలో అద్దె నియంత్రణ 1975లో మొదలైంది. దాన్ని తెచ్చింది వామపక్షం కాదు, బిల్ డేవిస్ నాయకత్వంలోని ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ ప్రభుత్వం. ఆ ఏడాది ఎన్నికల్లో స్టీఫెన్ లూయిస్ నాయకత్వంలోని వామపక్ష పార్టీ ఎన్‌డీపీ (న్యూ డెమోక్రటిక్ పార్టీ) అద్దెలనే ప్రధాన సమస్యగా తీసుకొని ప్రధాన ప్రతిపక్షమైంది, డేవిస్ మెజారిటీ కోల్పోయారు, నియంత్రణ చట్టం వచ్చింది. అధికారంలోకి రాకుండానే ఒక పార్టీ చట్టం తెప్పించగలదని చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే ఇస్తాను. తర్వాత 1990ల చివర డేవిస్ పార్టీకే చెందిన మైక్ హారిస్ ప్రభుత్వం ఆ నియంత్రణకు రెండు పెద్ద గండ్లు పెట్టింది. పాత అద్దెదారు ఖాళీ చేశాక కొత్తవారికి ఎంతకైనా ఇచ్చుకోవచ్చన్నది మొదటిది, 1991 నవంబరు తర్వాతి భవనాలకు పరిమితి వర్తించదన్నది రెండోది. మొదటి గండి నేటికీ అలాగే ఉంది. పాత అద్దెదారును ఏదో ఒక సాకుతో పంపిస్తే లాభం వచ్చే పరిస్థితి దానివల్లనే ఏర్పడింది. తర్వాత వచ్చిన లిబరల్ ప్రభుత్వం 2006లో కొత్త చట్టం చేసినప్పుడు కూడా రెండింటినీ ముట్టుకోలేదు.

రెండో గండిని పూడ్చింది 2017లో లిబరల్ పార్టీకే చెందిన క్యాథ్లీన్ విన్ ప్రభుత్వం. అప్పటికి టొరంటోలో కొత్త కాండోల అద్దెలు ఒక్క నోటీసుతో రెట్టింపైన ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి. లిబరల్ ప్రభుత్వం 14 ఏళ్లు అధికారంలో ఉండి, ఎన్నికలకు ఏడాది ముందు మేలుకొన్నదని నేను అప్పట్లో విమర్శించాను, ఇప్పటికీ అదే మాట అంటాను. అయినా అది మంచి చట్టం. 2018 జూన్‌లో ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ నాయకుడు డగ్ ఫోర్డ్ గెలిచారు. ఎన్నికల ప్రచారంలో ఎవరి అద్దె నియంత్రణనూ తొలగించనని హామీ ఇచ్చారు. ఐదు నెలలకు, నవంబరు 15న విడుదలైన ఆర్థిక ప్రకటనలో ఆ రోజు తర్వాత మొదటిసారి కాపురం చేరే ఇళ్లకు పరిమితి ఉండదని ప్రకటించారు. అప్పటికే అద్దెకు ఉన్నవారికి ఏమీ మారలేదు కాబట్టి మాట తప్పలేదన్నది వారి సమర్థన. ఆ రోజున మీరు ఈ దేశంలో ఉన్నారో లేదో నాకు తెలియదు కానీ, లేనివారి నుంచి తీసుకోవడం రాజకీయంగా ఎప్పుడూ సులభమే. ఆ తర్వాత వచ్చి కొత్త టవర్లలో చేరినవారిలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

ఈ తేదీ వ్యవహారం తెలుగువారికి కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 32వ సెక్షనులో, 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన భవనాలకు ఆ చట్టం వర్తించదన్న నిబంధన ఉండేది. కారణం కూడా అచ్చంగా ఇదే, కొత్త నిర్మాణాలను ప్రోత్సహించాలని. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు 1983లో దాన్ని కొట్టివేసింది. మొదట్లో సమంజసంగా ఉన్న మినహాయింపు పావు శతాబ్దం గడిచాక కూడా కొనసాగితే, ఒకే రకమైన ఇళ్లలో ఉన్నవారిని వేర్వేరుగా చూసినట్టు అవుతుందని, అది రాజ్యాంగంలోని సమానత్వ అధికరణకు విరుద్ధమని చెప్పింది. ఆ తర్వాత ప్రభుత్వం కట్టిన పదేళ్ల వరకే మినహాయింపు అన్న పద్ధతికి మారింది. స్థిరమైన తేదీకీ, కదిలే గడువుకూ ఉన్న తేడా ఇదే. కెనడాలోనే మానిటోబా కొత్త భవనాలకు 20 ఏళ్ల మినహాయింపు ఇస్తుంది. ఆ గడువు నాకు చాలా ఎక్కువనిపిస్తుంది, కానీ దానికి ఒక అంతమంటూ ఉంది. అంటారియో గీతకు అంతం లేదు. మీ భవనం 2060లో కూడా ‘కొత్త భవనం’గానే ఉంటుంది. ఏటా కట్టే ప్రతి ఇల్లూ గీతకు అవతలే చేరుతుంది కాబట్టి, ఎవరూ రద్దు చేయకుండానే నియంత్రణ కాలక్రమంలో కరిగిపోతుంది.

మినహాయింపు లేకపోతే ఎవరూ ఇళ్లు కట్టరన్న వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను. ఇళ్ల కొరత నిజమే, కట్టేవారికి లెక్కలు కుదరాలి. కానీ ఏడేళ్ల అనుభవం మన ముందే ఉంది. 2031 నాటికి 15 లక్షల ఇళ్లు కడతామని ఈ ప్రభుత్వం 2022లో లక్ష్యం పెట్టుకుంది, అంటే సగటున ఏడాదికి లక్షన్నర. 2024లో మొదలైన ఇళ్లు 75 వేల లోపే. దీనికి ప్రధాన కారణం వడ్డీ రేట్లు. బ్యాంక్ ఆఫ్ కెనడా రేటు 2022 ఆరంభంలో 0.25 శాతం నుంచి 2023 జూలై నాటికి 5 శాతానికి చేరింది. అద్దె కోసమే కట్టే భవనాలు కొంత పుంజుకున్నాయన్నది కూడా నిజం, అయితే అందులో ఫెడరల్ రుణ పథకాలకూ, 2023లో అటువంటి భవనాలపై అమ్మకం పన్ను ఎత్తివేయడానికీ పెద్ద పాత్ర ఉంది. నిర్మాణాన్ని నడిపించేవి వడ్డీ, పన్ను, భూమి ధర. అద్దెదారుకు ఉన్న ఒక్క రక్షణను తీసేయడం వల్ల కలిగే ప్రోత్సాహం వీటి ముందు ఎంతన్నది ప్రభుత్వమే ఇంతవరకు లెక్కతో చూపలేదు. ప్రభుత్వమే కట్టించే దారి 1990లలోనే మూసుకుపోయింది. ఫెడరల్ ప్రభుత్వం 1993లో కొత్త సామాజిక గృహాల నుంచి తప్పుకొంది. 1995లో హారిస్ ప్రభుత్వం అప్పటికే తలపెట్టిన సహకార, లాభాపేక్ష లేని ఇళ్లను సుమారు 17 వేలు రద్దు చేసి, ఉన్నవాటి భారాన్ని ఆ తర్వాత మున్సిపాలిటీల నెత్తిన పెట్టింది. ఆ ఇళ్లు కట్టి ఉంటే ఈరోజు వాటికి ముప్పై ఏళ్ల వయసు ఉండేది. అద్దెలు మామూలు జీతగాళ్లకు అందుబాటులో ఉండే ఇళ్లు సాధారణంగా ఆ వయసువే.

మన సమాజంలో తరచుగా వినిపించే మరో మాట, విద్యార్థులు ఎక్కువై అద్దెలు పెరిగాయని. ఈ మాట అనేవారిలో పదేళ్ల క్రితం విద్యార్థులుగా వచ్చినవారే ఎక్కువ. విద్యార్థులు ఎందుకు అంతమంది వచ్చారో కూడా ప్రావిన్సు లెక్కల్లోనే ఉంది. 2019లో ప్రభుత్వం స్థానిక విద్యార్థుల ఫీజును 10 శాతం తగ్గించి, అక్కడే నిలిపివేసింది, కానీ కాలేజీలకు ఆ లోటును భర్తీ చేయలేదు. కాలేజీలు విదేశీ విద్యార్థుల ఫీజుల మీద బతకడం నేర్చుకున్నాయి. వారికి హాస్టళ్లు కట్టే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. 2024 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం సంఖ్యకు పరిమితి విధించాక అదే కాలేజీలు కోర్సులు మూసేశాయి. బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంటులో తొమ్మిదిమంది పిల్లలు, గుంటూరు, నల్గొండ, హర్యానా నుంచి వచ్చినవారు, వంతులవారీగా పరుపులు వాడుకోవడం నేను చూశాను. వంటగది తలుపు మీద వంటవేళల పట్టిక అంటించి ఉంది, రాత్రి డ్యూటీవారికి ఉదయం ఆరు నుంచి ఏడు వరకు. తలకు 550 డాలర్లు నగదుగా ఇస్తున్నారు, రసీదు లేదు. యజమాని తెలుగువారే. ‘మనవాళ్లమే కదా, కాగితాలెందుకు’ అన్నారట. రసీదు అడిగితే ఉచితంగా ఇవ్వడం యజమాని బాధ్యత, ప్రావిన్సు నిర్ణయించిన లీజు ఫారం 2018 ఏప్రిల్ 30 నుంచి తప్పనిసరి, చివరి నెల అద్దె తప్ప మరే డిపాజిటూ అడగకూడదు (తాళంచెవి ఖర్చుకు తీసుకొని తిరిగి ఇచ్చేది వేరు). మీరు వంటగదినో స్నానాలగదినో యజమానితోనే పంచుకుంటుంటే మాత్రం ఈ చట్టం మీకు వర్తించదని గుర్తుంచుకోండి.

యజమానుల పక్షం కూడా ఒక మాట. ఒక కాండో కొని అద్దెకిచ్చి, మారే వడ్డీ లోను వల్ల నెలనెలా చేతినుంచి కట్టుకుంటున్న తెలుగు కుటుంబాలు నాకు చాలా తెలుసు, వారంతా దుర్మార్గులు కారు. మీ యజమాని కూడా అలాంటివారే కావచ్చు. కానీ పెట్టుబడిలో వచ్చిన నష్టాన్ని లాభనష్టాలతో సంబంధం లేని అద్దెదారు మీదికి నెట్టే వీలు ఉండకూడదన్నది నా అభిప్రాయం. నియంత్రణ అంటే అద్దె స్తంభింపజేయడం కాదు, ఏటా ధరల పెరుగుదలను అనుసరించి, గరిష్ఠంగా 2.5 శాతం వరకు పెంచుకోవచ్చు. కరోనా కారణంగా 2021లో మాత్రం సున్నా. భవనానికి పెద్ద మరమ్మతులు చేయిస్తే బోర్డు అనుమతితో అంతకుమించి ఏడాదికి 3 శాతం వరకు అడగవచ్చు.

ఇతర ప్రావిన్సులకు మారితే బాగుంటుందా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఆల్బెర్టాలో శాతానికి పరిమితే లేదు, ఏడాదికి ఒక్కసారి మాత్రమే పెంచాలన్న నియమం ఉంది. బ్రిటిష్ కొలంబియాలో కొత్త భవనాలకు మినహాయింపు లేదు, అయితే ఖాళీ చేశాక మళ్లీ స్వేచ్ఛే. నోవా స్కోషియాలో పరిమితి 5 శాతమని కాగితం మీద ఉన్నా, గడువు లీజు (నిర్ణీత తేదీతో ముగిసే ఒప్పందం) ముగిశాక కొత్తవారిని తెచ్చుకునే దారి తెరిచే ఉంచారు. చిన్న దీవి అయిన ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్‌లో మాత్రం అద్దె మనిషికి కాక ఇంటికి అంటిపెట్టుకొని ఉంటుంది, అద్దెదారు మారినా పరిమితి మారదు. నేను కోరుకునేది అదే.

అంటారియోలో పరిస్థితి ఏ దిశగా పోతున్నదో కూడా చెప్పాలి. 2025 నవంబరులో ఆమోదం పొందిన 60వ బిల్లు, అద్దె బకాయి నోటీసు గడువును 14 రోజుల నుంచి 7 రోజులకు తగ్గించింది. సొంత అవసరానికి ఖాళీ చేయించే యజమాని 120 రోజుల ముందు చెబితే ఒక నెల అద్దె పరిహారం ఇవ్వనక్కరలేదంది. ఏ నిబంధన ఏ రోజు నుంచి అమల్లో ఉందో బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకోండి. అదే బిల్లుతో పాటు, గడువు లీజు ముగిశాక అద్దెదారు కొనసాగే హక్కును కూడా పరిశీలిస్తామని అక్టోబరులో ప్రకటించి, వ్యతిరేకత రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. అంత మెజారిటీ ఉన్న ప్రభుత్వం కూడా ఫోన్లు మోగితే ఆగుతుందన్నమాట. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో ఫోర్డ్ పార్టీకి 43 శాతం ఓట్లతో 124లో 80 స్థానాలు వచ్చాయి, ఓటు వేసినవారు అర్హుల్లో సగం కూడా లేరు.

కాబట్టి ఒట్టావాకు కాదు, మీ ఎంపీపీకి రాయండి. మన దగ్గర ఎంపీపీ అంటే మండల పరిషత్ అధ్యక్షుడు కాబట్టి కొత్తలో నాకూ నవ్వొచ్చింది, ఇక్కడ ఆ మాటకు ప్రావిన్సు శాసనసభ్యుడని అర్థం, అంటే మన ఎమ్మెల్యే. ఓటు హక్కు పౌరులకే ఉంది, కానీ నియోజకవర్గ కార్యాలయంలో మీ పౌరసత్వం అడగరు, పిన్‌కోడు లాంటి పోస్టల్ కోడు అడుగుతారు. పెద్ద వ్యాసం వద్దు. భవనం ఏ సంవత్సరంలో పూర్తయింది, పాత అద్దె ఎంత, కొత్తది ఎంత, 2018 నవంబరు 15 మినహాయింపును రద్దు చేసే బిల్లుకు మీరు ఓటు వేస్తారా లేదా అని ఒక్క ప్రశ్న. అధికార పార్టీవారైనా సరే రాయండి, మీ భవనంలో ఇంకో పదిమంది చేత కూడా రాయించండి.

ఈలోగా మీ ఇంటి సంగతి. 2024 నుంచి టొరంటో ప్రాంతంలో కాండోల అద్దెలు కొంత తగ్గాయి, ఖాళీగా ఉన్నవీ పెరిగాయి. మీ భవనంలోనే అదే విస్తీర్ణం ఉన్న ఫ్లాటు ఇప్పుడు ఎంతకు ప్రకటిస్తున్నారో చూసి, మూడు నాలుగు ప్రకటనలు భద్రపరచుకోండి. అవి 2,850 కంటే తక్కువైతే, మీరు ఖాళీ చేస్తే యజమానికి పోయే ఒక నెల అద్దెనూ, రియల్టర్ కమీషన్‌నూ లెక్కకట్టి చూపుతూ, మీరు కట్టగలిగిన మొత్తాన్ని ఈమెయిల్‌లో మర్యాదగా ప్రతిపాదించండి. ఈ ఏడాది నా దగ్గరికి వచ్చిన ఇలాంటి వ్యవహారాల్లో కొన్ని 50, 60 డాలర్ల పెంపుతో తేలిపోయాయి. ఏ కాగితమూ అక్కడికక్కడే సంతకం చేయవద్దు, ముఖ్యంగా ఎన్11 అని పైన రాసి ఉన్నది. అది ఖాళీ చేయడానికి మీరు ఇష్టపూర్వకంగా ఒప్పుకున్న పత్రం. నోటీసు మీకు ఏ రోజు ఏ విధంగా అందిందో ఇక్కడ రాస్తే, 90 రోజుల లెక్క నేను చూసి చెబుతాను.